ఇంగ్లీషు వంటింట్లోనూ వస్తుంది

సంపాదకుల వారికి,

2022–23లో తెలంగాణ సర్కారు బడుల్లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు ఇంగ్లీషు మీడియం మొదలైంది. ఒక పేజీ తెలుగు, పక్క పేజీ ఇంగ్లీషు ఉన్న పుస్తకాలు నిజంగా బాగున్నాయి. కానీ గ్రామర్ మాత్రం ఇంకా బట్టీయే. ఏడో తరగతి చదువుతున్న మా అమ్మాయి టెన్స్‌ల పట్టిక గడగడా అప్పజెబుతుంది. నిన్న ఏం తిన్నావని ఇంగ్లీషులో అడిగితే మాత్రం టెన్షన్ పడి తల దించుకునేది.

అందుకే వంట చేస్తూ మొదలుపెట్టాం. ఎన్ని ఉల్లిపాయలు అంటే ‘హౌ మెనీ’, ఎంత ఉప్పు అంటే ‘హౌ మచ్’. ఈ తేడా మన తెలుగులోనే ఉందే అని పిల్ల సంబరపడింది. చిక్కల్లా పాల దగ్గరే వచ్చింది. మనం ‘పాలు ఉన్నాయి’ అంటాం. ఇంగ్లీషులో పాలు, నీళ్లు లెక్కపెట్టేవి కావు, ఏకవచనమే. ‘మిల్క్ ఈజ్’ అనాలి. పాలగిన్నె చేతిలో పట్టుకుని నేర్చుకున్న ఆ సంగతి మళ్లీ మరిచిపోలేదు.

టీచర్లను తప్పుపట్టడం లేదు, వాళ్ల మీద సిలబస్ భారం ఉంది. విద్యాశాఖే వారానికి ఒక్క పీరియడ్ అయినా సంత, బస్టాండు, ఆస్పత్రి మాటలకు కేటాయించాలి. ఆ గంటలో తప్పు మాట్లాడినా మార్కులు కోయకూడదు. మధ్యలో తెలుగు మాట దొర్లిందని పిల్లల్ని అస్సలు కసరకూడదు.

– ఒక తల్లి, నల్లగొండ