నర్సింగ్ సిద్ధాంతాలు వార్డులో నేర్పండి

సంపాదకులకు నమస్కారం.

బెంగళూరు మారతహళ్లిలో మా పక్కింటి పీజీలో చిత్తూరు, అనంతపురం వైపు నుంచి వచ్చిన నర్సింగ్ అమ్మాయిలు ఉంటారు. పరీక్షలొస్తే రాత్రంతా బట్టీయమే. నర్సింగ్ సిద్ధాంతకర్త వర్జీనియా హెండర్సన్ చెప్పిన మనిషి 14 ప్రాథమిక అవసరాలు గడగడా అప్పజెబుతారు. ఊపిరి సరిగా ఆడటం మొదటిదని ఒక్కరూ తప్పరు. ఎందుకు మొదటిదో అడిగితే మాత్రం టెన్షన్.

30 ఏళ్లు వార్డులో చేసిన నాకు ఎక్కువగా పనికొచ్చింది మరో సిద్ధాంతకర్త డొరొథియా ఓరెమ్ మాట. రోగి తనంతట తాను చేసుకోలేని మేరకే నర్సు చేయాలి. పక్షవాతం వచ్చిన పెద్దాయనకు కుడిచెయ్యి ఆడకపోతే ఎడమచేత్తో తల దువ్వుకోనివ్వాలి. మనమే దువ్వేస్తే పని త్వరగా అయిపోతుంది, నిజమే (నేనూ మొదట్లో అదే చేశాను). కానీ రేపు ఇంటికెళ్లాక ఆయనకు దువ్వేదెవరు?

ఇంకో సిద్ధాంతకర్త మడెలిన్ లైనింగర్ రోగి సంస్కృతిని గమనించమన్నారు. కన్నడ వార్డులో మన తెలుగు బాలింత పథ్యం గురించి అడిగితే విసుక్కోకుండా వినడం అలాంటిదే.

పాఠం చెప్పిన వారంలోనే విద్యార్థినులను ఒక రోగి మంచం పక్కన కూర్చోబెట్టి, ఏ సిద్ధాంతం అక్కడ ఎలా పనిచేస్తుందో కాలేజీలు చూపించాలని నా మనవి.

– ఒక రిటైర్డ్ వార్డు సిస్టర్, బెంగళూరు