మామ్మగారి బాకీ

చిరంజీవి బుజ్జికి, అమ్మ దీవించి రాయునది.

ఇక్కడ అందరం కులాసా. మామ్మ సంవత్సరీకం బాగానే జరిగింది. వీసా స్టాంపింగ్ కుదరక నువ్వు రాలేకపోయావని మీ నాన్నకి లోపల దిగులుగానే ఉంది, పైకి అనరు. ఆ రాత్రి ఫోన్లో నువ్వొక మాట అడిగావు, "మామ్మ నిజంగా అంత మంచిదా అమ్మా, పోయింది కాబట్టి అందరూ అలా అంటున్నారా?" అని. ఇంటి నిండా చుట్టాలు. ఏదో ఒకటి చెప్పి పెట్టేశాను. అది ఫోన్లో చెప్పే జవాబు కాదు, అందుకే కాగితం తీశాను.

ముందు నా చీర సంగతి వినాలి నువ్వు.

1994లో నేను కాపురానికి వచ్చేసరికే మీ తాతగారు లేరు. కొబ్బరితోట లెక్కలు, ఇంటి పెత్తనం అంతా ఆవిడదే. బీరువా తాళాలు ఆవిడ బొడ్లోనే ఉండేవి. మరుసటి సంక్రాంతికి, నిశ్చితార్థంలో మా నాన్న పెట్టిన ఉప్పాడ జాందానీ కట్టుకుందామని బీరువా తీయిస్తే చీర లేదు. "ఏమైంది అత్తయ్యా?" అన్నాను. "పెళ్ళికి వెళ్ళిందమ్మాయ్, ఇక రాదు" అన్నారు, కూర కలుపుతూ, నా వైపు చూడకుండా.

మనింట్లో అంట్లు తోమే ఆవిడ కూతురి పెళ్ళికి ఇచ్చేశారట. నేను ఇరవై రోజులు మాట్లాడలేదు. ఈలోగా ఆ పిల్ల కొత్త మొగుణ్ణి వెంటబెట్టుకుని వచ్చి నా కాళ్ళకి దణ్ణం పెట్టింది. "మీరిచ్చిన చీరే కట్టుకుని పీటల మీద కూచున్నానండి" అంది. నాకు నోట మాట రాలేదు. వంటింటి తలుపు చాటు నుంచి మీ మామ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు. తర్వాత నిలదీశాను. "నేనిచ్చానంటే ముసల్ది పాత చీర పడేసింది అనుకుంటారే. కొత్తకోడలు ఇచ్చిందంటే ఆ పిల్లకి మర్యాద" అన్నారు. క్షమాపణ లాంటిదేమీ లేదు. నిజం చెప్పొద్దూ, ఆ చీర మీద కోపం నాకు ఇంకా పూర్తిగా పోలేదు. అడిగితే నేను ఇచ్చేదాన్ని కాదు. ఆ సంగతి ఆవిడకీ తెలుసు.

1996 తుఫాను గురించి నువ్వు చాలాసార్లు విన్నావు. నవంబరు 6, దీపావళి ఇంక నాలుగు రోజులుంది. కోనసీమంతా ఆ రాత్రి ఏమైపోయిందో, సముద్రం మీదకి వేటకెళ్ళినవాళ్ళు ఎంతమంది తిరిగి రాలేదో నీకు తెలుసు. మన పెంకులు లేచిపోయాయి, స్లాబు ఉన్న ఒక్క దేవుడి గదిలో తెల్లవార్లూ నలుగురం ముడుచుకుని కూచున్నాం. తెల్లారి తోటలోకి వెళ్తే నిలబడ్డ చెట్టు కోసం వెతుక్కోవాల్సి వచ్చింది. మీ నాన్న పడిపోయిన మొద్దు మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చారు. కొబ్బరిమొక్క కాపుకి రావాలంటే ఆరేడేళ్ళు. అంబాజీపేట మార్కెట్టుకి వెళ్ళే కాయ మీదే బతుకుతున్నాం మరి.

మీ మామ్మ వచ్చి తోటంతా ఒకసారి చూశారు. "ఒరేయ్ అబ్బాయ్, ఇన్నేళ్ళూ కాయల దింపుకి కూలిచ్చాం. ఈసారి స్వామే వచ్చి ఊరికే దింపు తీసి వెళ్ళాడు. పని తెలీదు పాపం, చెట్లు కూడా దింపేశాడు" అన్నారు.

నాకు ఒళ్ళు మండింది, ఇంత నష్టంలో ఈ హాస్యమేమిటని. మీ నాన్న మాత్రం ఏడుస్తూనే ఫక్కున నవ్వారు, లేచి నిలబడ్డారు. ఆ తర్వాత ఆవిడ కూచోలేదు. నూతుల్లో నీళ్ళు పాడైపోతే రాలిన బొండాలు వీధంతా పంచారు. పడ్డ చెట్ల తలలో ఉండే లేత మొవ్వులు తీయించి కూర వండించారు. గుండిగలో అన్నం నాలుగు రోజులు దిగుతూనే ఉంది. వడ్డిస్తూ ప్రతివాడితోనూ ఏదో ఒక వేళాకోళం. వరసలో నిలబడి అన్నం పుచ్చుకుంటున్నామనే సంగతి ఎవరికీ గుర్తు రానిచ్చేవారు కాదు. ఆ నవ్వు దేనికో నాకు అప్పుడు అర్థం కాలేదు. ఆవిడ పుట్టుకతోనే అంత అనుకున్నాను.

అసలు సంగతి బయటపడింది నువ్వు మూడేళ్ళ పిల్లవి ఉన్నప్పుడు.

మామ్మకి ఊళ్ళో అప్పులున్నాయని మీ నాన్నకి ఎప్పటి నుంచో అనుమానం. ఎవరు ఎదురుపడ్డా "మొన్న నీ దగ్గర పుచ్చుకున్నాను కదా, ఇదిగో" అని కొంగుముడి విప్పి వందో రెండొందలో చేతిలో పెట్టేవారు. ఒకరు కాదు, ఇద్దరు కాదు. పరువు పోతోందని ఆయనకి టెన్షన్. ఒకరోజు బ్యాంకు నుంచి పదివేలు తెచ్చి, సైకిలేసుకుని, చీటీ మీద పేర్లు రాసుకుని అప్పులు తీర్చడానికి బయల్దేరారు.

మధ్యాహ్నానికి డబ్బు డబ్బులాగే తిరిగొచ్చింది. ఆయన మొహం చూడాలి నువ్వు! ఊళ్ళో ఒక్కరూ ఆవిడకి రూపాయి అప్పిచ్చినవాళ్ళు లేరు. భర్త పోయిన ఒకావిడ, కొడుకు ఫీజు కట్టలేనాయన, దింపు తీస్తూ చెట్టు మీద నుంచి పడి నడుం విరగ్గొట్టుకున్నాయన, అందరూ ఒకటే మాట. "మేమెప్పుడిచ్చామండీ ఆవిడకి? మొదట్లో మేమూ కంగారుపడ్డాం. నీకు మతిమరుపొచ్చింది, నోర్మూసుకుని పుచ్చుకో అనేవారు మామ్మగారు."

నలుగురిలో సాయం పుచ్చుకోవడానికి సిగ్గుపడతారని, ఆవిడే బాకీదారు వేషం కట్టారన్నమాట.

ఆ రోజు ఆవిడకి వచ్చిన కోపం నేను మళ్ళీ ఎప్పుడూ చూడలేదు. "పదేళ్ళుగా నేను కప్పెట్టుకొస్తే, సైకిలేసుకుని వెళ్ళి ఒక్కపూటలో ఊరంతా విప్పేశావురా" అని రాత్రి అన్నం తినలేదు. మీ నాన్న బతిమాలితే, "ఏకాదశి అనుకుంటాలే" అన్నారు. ఏకాదశి కాదు ఆ రోజు.

ఆవిడ భక్తి నీకు తెలిసిందే. కార్తీకంలో తెల్లవారుజామున నిన్ను దుప్పటితో సహా కాలువ రేవుకి మోసుకుపోయి, అరటిదొప్పలో దీపం పెట్టి నీ చేత వదిలించేవారు. ఎనభై దాటాక రేవుకి వెళ్ళనివ్వకపోతే, "ఏం పోయింది, కాలువే పైపులో నా దగ్గరికొస్తోంది" అని బాత్రూంలోనే సంకల్పం చెప్పుకున్నారు. నామాలు చదువుతూ మధ్యలో "మాధవాయ నమః, అమ్మాయ్ పాలు పొంగుతున్నాయ్, గోవిందాయ నమః" అనడం నువ్వు స్కూల్లో అనుకరించి చూపించేదానివి. భీష్మ ఏకాదశికి అంతర్వేది నరసింహస్వామి కల్యాణానికి వెళ్ళాలని మాత్రం ఏటా మూట కట్టేవారు, ఏటా ఎవరో ఒకరు ఇంటికొచ్చి పడేవారు, ఆ మూట విప్పేవారు. నేను వచ్చాక ఆవిడ వెళ్ళింది రెండే సార్లు.

మీ నాన్న విసుక్కుంటే డొక్కా సీతమ్మగారి కథ ఎత్తుకునేవారు. మన గోదావరి వైనతేయ పాయ దగ్గరి లంకల గన్నవరం ఆవిడది. 1909లో పోయారు. వేళ కాని వేళ వచ్చినవాళ్ళకి కూడా వండి పెట్టిన మనిషి. ఒకసారి అంతర్వేదికి పల్లకీలో వెళ్తుంటే, దారిలో ఆకలికి ఏడుస్తున్న పిల్లల్ని "సీతమ్మగారింటికి వెళ్తున్నాంగా, అన్నం పెడతారు" అని పెద్దవాళ్ళు సముదాయించడం వినపడి, పల్లకీ వెనక్కి తిప్పించేశారని చెబుతారు. మామ్మ ఇది ఎన్నిసార్లు చెప్పారో! తన మూట విప్పినప్పుడల్లా అదే సాక్ష్యం. 2024లో బడి పిల్లల మధ్యాహ్న భోజనానికి సీతమ్మగారి పేరు పెట్టారని టీవీలో విని, "ఇన్నాళ్ళకి గవర్నమెంటుకీ ఆకలేసింది" అన్నారు.

ఎడ్వర్డు రాజు పట్టాభిషేకం వేడుకకి పిలిస్తే సీతమ్మగారు వెళ్ళలేదనీ, కనీసం ఫోటో అయినా కావాలని అధికారులు వెంటపడాల్సి వచ్చిందనీ కూడా అంటారు. అది చెప్పి మామ్మ నిట్టూర్చేవారు, "ఆవిడ వద్దన్నా తీశారు. నేను తియ్యమన్నా తీసేవాళ్ళు లేరు" అని. అందుకే నువ్వు కొత్త ఫోన్ కొనుక్కున్నప్పుడు తీసిన ఫోటోనే పెద్దది చేయించాం, నోరంతా తెరిచి నవ్వుతున్నది. దండ వేసే ఫోటో గంభీరంగా ఉండాలని మీ పెద్దత్త గొడవపెట్టుకుంది. గంభీరంగా ఉన్నది ఒక్కటీ దొరకలేదు మరి.

సంవత్సరీకం రోజు భోజనాలయ్యాక, ఒకాయన కర్ర పోటేసుకుంటూ వచ్చాడు. చెట్టు మీద నుంచి పడ్డాయన. వెనక మనవడు చక్రకేళి గెల మోసుకొచ్చి అరుగు మీద దింపాడు. "ఇదెందుకండీ" అన్నాను. "మామ్మగారి బాకీ ఉండిపోయిందండి, అబ్బాయిగారు పుచ్చుకోవాలి" అన్నాడు, నవ్వకుండా.

మీ నాన్న ఏం బాకీ అని అడగలేదు. లోపలికెళ్ళి విస్తరి తెచ్చి వేశారు.

గెల ఇంకా పచ్చిగానే ఉంది, వారంలో పండుతుంది. నీకోసం ఆవకాయ, కందిపొడి సర్దాను, ఇక్కడి నుంచి వెళ్ళేవాళ్ళెవరైనా ఉంటే చెప్పు. చలికి స్వెట్టర్ వేసుకో.

మీ అమ్మ