మంచినీళ్ల చెరువు పనులు: జమా ఖర్చుల వివరణ

ఊరి పెద్దలకు, ఆడపడుచులకు, అన్నదమ్ములకు, దూరాన ఉండి కూడా డబ్బు పంపిన మనవాళ్లకు చెరువు కమిటీ నమస్కారాలు. 2025 వేసవిలో కాలువ కట్టేసిన రోజుల్లో పెద్ద చెరువుకీ, నీళ్లని వడకట్టే ఇసుక ఫిల్టర్ బెడ్లకీ చేయించిన పనుల లెక్క ఇది.

మన కాలువ నీళ్లు ధవళేశ్వరం దగ్గర బయల్దేరి, పి.గన్నవరంలో డొక్కా సీతమ్మ గారి పేరున్న అక్విడక్టు (కాలువ వంతెన) మీదుగా గోదావరి పాయ వైనతేయ దాటి వస్తాయి. వేసవిలో కాలువలు కట్టేశాక, మళ్లీ వదిలేదాకా చెరువులో నింపుకున్న నీళ్లే దిక్కు. బోరు వేస్తే ఉప్పునీళ్లు పడతాయి. చెరువు సగం పూడిపోవడంతో ఏటా మే నెల వచ్చేసరికి పచ్చగా తిరిగిన నీళ్లే తాగుతూ వచ్చాం.

ఈ పని తలపెట్టినప్పుడు ముందుగా రైస్ మిల్లు యజమాని గారి దగ్గరికి వెళ్లాం. మొత్తం ఆయనే పెట్టుకుంటారేమోనన్న ఆశ మాలో కొందరికి ఉన్నమాట నిజం. ఆయన అన్నది ఇది: "నేనొక్కణ్నే పెడితే అది నా చెరువైపోద్దండి. రేపు గట్టు జారితే నాకే కబురెడతారు. మీరు ఇంటింటికీ తిరగండి, ఊరు ఎంతేస్తే అంతకి అంత నేనేస్తాను." ఈ మాట గుమ్మం గుమ్మంలోనూ చెప్పాం. వంద ఇస్తే రెండొందలవుతుందని తెలిశాక, ఇవ్వరనుకున్న ఇళ్లు కూడా ఇచ్చాయి. యాభై రూపాయలిచ్చి రశీదు అడిగి పుచ్చుకున్న ముసలమ్మలున్నారు. ఆయన ఒక్కరే అంతా ఇచ్చి ఉంటే ఇది జరిగేది కాదని కమిటీ నమ్ముతోంది.

జమ ఇలా వచ్చింది. ఇంటింటి చందాలు రూ.3,18,600. హైదరాబాదులోనూ, కువైట్, దుబాయ్‌లలోనూ ఉన్న మన పిల్లలు పంపింది రూ.1,56,000. కొట్లలో పెట్టిన డబ్బాల్లో పడింది రూ.14,350. సార్వా (ఖరీఫ్) రైతులు డబ్బుకి బదులు 64 బస్తాల ధాన్యం ఇచ్చారు. వాటిని మిల్లు యజమానే కొన్నారు. క్వింటాలుకి అప్పటి 2,300 మద్దతు ధర లెక్కన 75 కిలోల బస్తా 1,725 చొప్పున రూ.1,10,400 వచ్చింది. తేమనీ తరుగనీ ఒక్క కిలో కూడా కోత పెట్టలేదు. ధాన్యం అమ్మే ప్రతి రైతుకీ దీని విలువ తెలుసు. ఇవన్నీ కలిపి ఊరి వాటా రూ.5,99,350. మిల్లు యజమాని ఆరు లక్షలకి రౌండు చేసి వేస్తారేమో అనుకున్నాం. ఊరితో సమానంగానే ఉండాలంటూ సరిగ్గా రూ.5,99,350కి చెక్కు రాసిచ్చారు. బ్యాంకు వడ్డీ రూ.3,120 కలిపితే మొత్తం జమ రూ.12,01,820.

ఖర్చులో పెద్ద పద్దు గట్టు లోపలి రాతికట్టు మరమ్మతు, రూ.3,06,250. పూడిక తీసిన పొక్లెయిన్‌కి గంటకి 1,500 చొప్పున 172 గంటలకి రూ.2,58,000. మట్టి తోలిన ట్రాక్టర్లకి రూ.1,47,600. కొబ్బరి తోటలకి మట్టి తీసుకెళ్లిన రైతులు బాడుగ తామే పెట్టుకున్నారు కాబట్టి ఇంతలో సరిపోయింది. ఫిల్టర్ బెడ్ల ఇసుక, గులకరాయి రూ.2,18,400. కూలీలు రూ.1,24,500. మోటారు, స్టార్టరు, పైపులు రూ.96,800. రశీదు పుస్తకాలు, టీలు, భోజనాలు రూ.18,940. మొత్తం రూ.11,70,490.

గులకరాయి గురించి కొంచెం వివరంగా చెప్పాలి. వచ్చిన ప్రతి లారీనీ మిల్లు కాటా మీద ఎక్కించాం, కాటా రుసుము తీసుకోలేదు. మొదటి లారీకి బిల్లులో 16 టన్నులని ఉంటే కాటా 14 టన్నుల 300 కిలోలే చూపించింది. ఆ చీటీ ముందు పెట్టి, ఉన్న తూకానికే డబ్బిచ్చాం. తర్వాతి లోడ్లన్నీ సరిగ్గా వచ్చాయి. కాటా చీటీలు బిల్లులకి కుట్టి ఉన్నాయి.

బెడ్లు తయారయ్యాక కూడా కుళాయిలు ఎందుకు వదల్లేదని చాలామంది అడిగారు. ఇసుక పైన పట్టే సన్నటి జిగురు పొరే నీళ్లలోని సూక్ష్మజీవుల్ని పట్టేస్తుంది. కొత్త ఇసుక మీద అది పట్టడానికి రోజులు పడుతుంది. అందుకే మొదట దిగిన నీళ్లు బయటికి వదిలేసి, ఆ తర్వాతే క్లోరిన్ కలిపి కుళాయిలకి ఇచ్చాం.

పద్దులోకి రాని సాయం కూడా రాసి ఉంచడం మా బాధ్యత. బెడ్లలో వేసే ఇసుకని జల్లించి, బురద పోయేదాకా కడగాలి. నడుము విరిగే పని. మిల్లు ఆగి ఉన్న రోజుల్లో అక్కడి హమాలీలనే పంపించి, కూలి మిల్లు యజమానే ఇచ్చుకున్నారు. పెద్ద చెరువు ఖాళీ చేసినన్నాళ్లూ చిన్న చెరువు నీళ్లు అందని వీధులకి ఆయన ట్యాంకరే తిరిగింది, డీజిలుతో సహా. ఎంతయిందో చెప్పండి, జమలో చూపిస్తామని అడిగితే చెప్పలేదు. గట్టు మీద పేరుతో రాయి వేయిస్తామన్నా వద్దన్నారు. అందుకే ఇక్కడా పేరు రాయలేదు. కమిటీలోకి రమ్మన్నా రాలేదు కానీ, ఈ లెక్క అందరితోపాటు తనకీ చూపించాలని గట్టిగా అడిగారు. అలా అడిగే దాత దొరకడం మా అదృష్టం.

మిగిలిన రూ.31,330 బ్యాంకులోనే ఉంది. బెడ్ల పైపొర గీకి శుభ్రం చేసే కూలికి తప్ప ఇంకే పనికీ దాన్ని తీయకూడదని తీర్మానించాం. బిల్లులు, రశీదు అడుగు కాయితాలు, బ్యాంకు పాస్‌బుక్కు పంచాయతీ ఆఫీసులో ఉంచాం, ఎవరైనా వచ్చి చూడొచ్చు. చందా ఇచ్చి రశీదు అందనివాళ్లు దయచేసి కమిటీ సభ్యులెవరికైనా చెప్పండి.