నలభై అయిదు రోజుల కార్తీకం: మా వీధివాళ్లందరికీ కృతజ్ఞతలు

నిన్న తెల్లవారుజామున మహేంద్రతనయలో పోలి దీపాలు వదిలి వచ్చాం. చలికి వేళ్లు కొంకర్లు పోతుంటే అరటి దొప్పను నీళ్లలోకి తోసి, ఇంటికొచ్చి వేడి కాఫీ గొంతులో పడ్డాక గుర్తొచ్చింది, ఈ నెలన్నరలో ఎంతమందికి బాకీపడ్డానో. ఒక్కొక్కరి గుమ్మం ఎక్కి చెప్పాలనే ఉంది. కానీ మా పక్కింటి మావుసి (ఒడియాలో పిన్ని) దగ్గరికెళ్లి ఆ మాటంటే "ఏటి మా, దీనికి కూడానా" అని తిట్టి పంపిస్తుంది. అందుకని ఇక్కడ రాస్తున్నాను.

మాది పర్లాకిమిడి. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు మా ఊరు ఇటు వచ్చింది, మా చుట్టాల్లో సగంమంది అటు పాతపట్నం వైపు ఉండిపోయారు. మా వీధిలో ఒక గుమ్మంలో తెలుగు, పక్క గుమ్మంలో ఒడియా. పండగలు మాత్రం అందరివీ అందరం చేసుకుంటాం. ఈసారి అదే నా ప్రాణానికి వచ్చింది, అదే నన్ను గట్టెక్కించింది కూడా.

సంగతి దసరా ముందు మొదలైంది. మా ఆయనకి షుగరు మూడు నెలల సగటు 8.4 వచ్చింది. నాకేమో రాత్రి పడుకుంటే గుండెల్లో మంట. డాక్టరు దగ్గరికి వెళ్లకుండా నేను చేసిన తెలివైన పని ఏమిటంటే, ఫోన్లో చూసి ఒక డిటాక్స్ పొడి తెప్పించాను. పేరు రాయను. పది రోజుల్లో ఒంట్లో మలినాలన్నీ కడిగేస్తుందని ఉంది దాని మీద. కడిగేసింది, నిజమే. మూడు రోజులు బాత్రూం తలుపుకీ నాకూ మధ్య దూరం పెరగలేదు. బరువు రెండు కిలోలు తగ్గానని సంబరపడుతూ వెళ్లి సిస్టరమ్మకి చూపించాను.

సిస్టరమ్మంటే మా సందులో ఉండే రిటైరైన నర్సమ్మ. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని ప్యాకెట్టు వెనక చీమల్లాంటి అక్షరాలు చదివారు. "సునాముఖి అమ్మాయ్ ఇది. విరేచనాల మందు. నీకు తగ్గింది నీరు, కొవ్వు కాదు" అన్నారు. "ఒంటిని శుభ్రం చేసే పని కాలేయం, మూత్రపిండాలు పుట్టినప్పటి నుంచీ చేస్తూనే ఉన్నాయి. వాటికి నువ్వు అడ్డం పడకుండా ఉంటే చాలు. అంతగా కడగాలని ఉంటే వెళ్లి నీ వంటిల్లు కడుక్కో." గోడ అవతల నుంచి మా మావుసి నవ్వింది. అప్పుడే తేల్చేసింది, "కుమార పున్నమి, అదే మీ ఆశ్వయుజ పౌర్ణమి, వెళ్లగానే మా కార్తీకం. నాతో పాటు నువ్వూ పట్టు."

ఇక్కడ ఒక చిక్కుంది, బయటివాళ్లకి చెప్పాలి. ఒడియావాళ్లకి నెల పౌర్ణమి నుంచి పౌర్ణమికి. మనకి అమావాస్య నుంచి అమావాస్యకి. అంటే వాళ్ల కార్తీకం మనకంటే పదిహేను రోజులు ముందొస్తుంది, మనది వాళ్లకంటే పదిహేను రోజులు ఆలస్యంగా పోతుంది. మావుసికి మాటిచ్చేసి ఇంటికి రాగానే అత్తయ్య "మరి మన కార్తీకమో?" అన్నారు. లెక్కేస్తే అక్టోబరు 7 నుంచి నవంబరు 20 దాకా. నలభై అయిదు రోజులు! ఉల్లి లేదు, వెల్లుల్లి లేదు, నీచు లేదు. మా అబ్బాయి ఆ రోజు నా మొహం చూసిన చూపు నేను మరచిపోను.

పున్నమికి ముందు రోజు ఆదివారం. వంటిల్లు దులిపి సర్దుదామని పొద్దున్న ఏడింటికే మావుసి చేట పట్టుకుని వచ్చింది. పాతపట్నం నుంచి మా మరదలు జల్లెడ, ఇంకో చేట, రెండు పాత చీరలు పట్టుకుని బస్సు దిగింది. నేను గంటలో తేలిపోతుందనుకున్నాను. మధ్యాహ్నం మూడయినా మేం ఇంకా మూడో అరలోనే ఉన్నాం. జీలకర్ర సీసాలు నాలుగు తేలాయి, కనబడక మళ్లీ మళ్లీ కొన్నవి. సాంబారు పొడి గడువు దాటి రెండేళ్లు. పార్సిలు డబ్బాలు ఇరవై పైనే, మూతలు మాత్రం ఏడు. రెండుసార్లు కాగిన నూనె సీసా ఒకటి, అడుగున నల్లటి మడ్డితో. దాన్ని మావుసి ఎత్తి వెలుతుర్లో పెట్టి చూసి, ఏమీ అనకుండా పక్కన పెట్టింది. తిట్టినా బాగుండేది.

కందిపప్పు డబ్బా తెరిచేసరికి పప్పు కదులుతోంది. నేను మొత్తం పారబోద్దామన్నాను. మావుసి ఒప్పుకోలేదు. చేటలోకి రెండు దోసిళ్లు పోసుకుని గోడ పక్కన గొంతుక్కూర్చుని చెరగడం మొదలుపెట్టింది. సర్ సర్, టప్. సర్ సర్, టప్. పొట్టూ పురుగూ చేట అంచుకు వచ్చి చేరేవి, ఆవిడ మునివేళ్లతో ఒక్క తట్టు తడితే కింద పడేవి. పప్పు గింజ ఒక్కటి జారలేదు. నేను చేట తీసుకుంటే సగం పప్పు నేల మీద, పురుగులన్నీ చేటలోనే! మా మరదలు నవ్వి నవ్వి కూలబడింది. చెరిగిందాన్ని పాత చీర మీద ఎండలో పల్చగా పోస్తే మిగిలిన పురుగులు తమంతట తామే నీడ వెతుక్కుంటూ అంచులు దాటి పోయాయి. మరీ తొలిచేసిన గింజలు కోళ్లకి పోయాయి. రవ్వ, సెనగపిండి మాత్రం సిస్టరమ్మ మాట మీద గట్టిగా కట్టి వారం పాటు ఫ్రీజర్లో పెట్టాను. గుడ్లు కళ్లకి కనబడవు కదా, చలికి చస్తాయట. ఈ రోజుకీ ఒక్క పురుగు లేదు.

అదే వారం వీధిలోకి స్టీలు సామాన్ల ఆవిడ వచ్చింది. పాత పట్టుచీరలు రెండిచ్చి మూతలున్న డబ్బాలు ఆరు తీసుకున్నాను. ఆవిడ అయిదే అంది. ఆరోది ఎందుకని అడిగి, విషయం చెబితే "చోడిపిండికి (రాగిపిండికి) ఉంచుకో" అని ఇచ్చేసింది. పేరు కూడా అడగలేదు ఆవిడని. సందు చివర కొట్టు బాబాయి నేను దసరాకి కొన్న నూనె డబ్బా సీలు తియ్యలేదని వెనక్కి తీసుకున్నారు. అప్పటి నుంచి పప్పులు కిలోలు కిలోలు కాకుండా అరకిలో, పావుకిలో పొట్లాలు కడుతున్నారు, విసుక్కోకుండా. ముసురు రోజుల్లో ఎక్కువ సరుకు ఇంట్లో పెట్టుకుంటే పురుగుకి పెంపకమేనని చెప్పింది కూడా ఆయనే. వ్యాపారం చేసే మనిషి అలా చెప్పడం నేనెక్కడా చూడలేదు.

ఇక హబిస డాల్మా. కార్తీకంలో హబిస అనే వ్రతం పట్టే పెద్దవాళ్లు రోజుకి ఒక్కపూట వండుకునేది. పెసరపప్పు, కంద, చేమ, అరటికాయ, అల్లం, ఔ అని రేకులు రేకులుగా ఊడొచ్చే పుల్లటి కాయ, సైంధవ లవణం, చివర కొబ్బరి, నెయ్యి. పసుపు వెయ్యరు, టమాటా వెయ్యరు. ఉప్పుడు బియ్యం కాదు, పచ్చి బియ్యం అన్నం. పసుపు లేని పప్పు చూస్తే మొదటి రోజు మా ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదు. నాలుగో రోజుకి అబ్బాయి రెండోసారి పెట్టించుకున్నాడు. ఔ కాయ పులుపు పప్పులో ఊరాక దాని రుచి వేరు. మనం చింతపండుతో చేసేది దీనికి దగ్గరికి కూడా రాదు. నేను తెలుగుదాన్నే, అయినా ఈ ఒక్క విషయంలో మావుసి పక్షం. మొదటి వారమంతా ఆవిడే వండి, తన ఇత్తడి గిన్నెలో పంపించింది.

ఇప్పుడు అక్టోబరు 27 రాత్రి సంగతి. అసలు ఈ ఉత్తరం దాని కోసమే.

మన కార్తీకంలో మొదటి సోమవారం అది. మా ఆయన ఉపవాసం ఉంటానన్నారు. పొద్దున మామూలుగానే షుగరు మాత్ర వేసుకున్నారు. నేనూ అడ్డు చెప్పలేదు, బుద్ధిలేక. నక్షత్రం చూసి తినాలి కదా. మొంథా తుపాను వస్తోందని అప్పటికే ముసురు పట్టేసింది, ఆకాశమంతా మూసుకుపోయింది. ఆరయింది, ఏడయింది, చుక్క లేదు. అత్తయ్య "ఇంకాసేపు చూడండి, మబ్బు విడుస్తుంది" అంటున్నారు. కరెంటు వస్తూ పోతూ ఉంది. ఏడున్నరకి నేను ఏదో అడిగితే ఆయన సమాధానం తిక్కతిక్కగా చెప్పారు. కోపం వచ్చిందనుకున్నాను. టార్చి వేసి చూస్తే మొహమంతా చెమట. ఆ చలిగాలిలో! చేతులు వణుకుతున్నాయి.

అబ్బాయి వానలోనే పరిగెత్తాడు. సిస్టరమ్మ నైటీ మీద తువ్వాలు కప్పుకుని, మిషను చేత్తో పట్టుకుని వచ్చారు. వేలు పొడిచి చూస్తే 58. డెబ్బై కిందికి పోతే ప్రమాదమట. వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించారు. "మనిషి తెలివిలో ఉన్నాడు కాబట్టి తాగిస్తున్నాం. తెలివి తప్పితే నోట్లో చుక్క నీళ్లు పొయ్యకూడదు, ఆసుపత్రికే" అన్నారు. పదిహేను నిమిషాలాగి మళ్లీ పొడిచారు. ఆ పదిహేను నిమిషాలు ఎలా గడిచాయో నాకు తెలుసు, నా దేవుడికి తెలుసు. 81 వచ్చింది. అప్పుడు అన్నం పెట్టమన్నారు. అత్తయ్య మెల్లిగా "చుక్క..." అన్నారు. గుమ్మంలో నిలబడి ఉన్న మావుసి "చుక్కలు ఎక్కడికి పోతాయి మా, మబ్బు వెనకాలే ఉన్నాయి. శివుడికి తెలీదా?" అని తన ఇంట్లోంచి తెచ్చిన డాల్మా కంచంలో వడ్డించేసింది. అత్తయ్య ఇంకేం మాట్లాడలేదు. ఆయన తింటూ ఉంటే కొంగుతో ఆయన తల తుడిచారు.

తుపాను జోరు తగ్గాక డాక్టరు గారికి చూపించాం. ఆ మాత్ర ఒంట్లో ఇన్సులిన్‌ను తోడి పోస్తుందట, తిండి పడకపోతే షుగరు దించేస్తుందని చెప్పి, మోతాదు మార్చి కాగితం మీద రాసిచ్చారు. మిగిలిన మూడు సోమవారాలూ ఆయన వేళకి తిన్నారు. ఉపవాసాలు నేనున్నాను. షుగరు మాత్రలు వేసుకునేవాళ్లు ఇంట్లో ఉంటే, ఉపవాసానికి ముందు డాక్టర్ని అడగండి. నేను అడగలేదు, చెప్పాను కదా ఏమయిందో.

తరవాతి రోజులు కొంచెం తేలిగ్గా పోయాయి, ఒక్క రోజు తప్ప. పౌర్ణమితో ముగిసే అయిదు రోజులు పంచుక. కొంగ కూడా చేప ముట్టదంటారు ఒడియావాళ్లు. పౌర్ణమి తెల్లవారుజామున నీళ్లలో చిన్న బొమ్మ పడవలు వదిలారు, మర్నాడు ఛాడఖాయి, అంటే మళ్లీ నీచు మొదలుపెట్టే రోజు. నెల రోజులు నోరు కట్టుకున్న వీధి మొత్తం ఒక్కసారి మసాలా నూరింది. ఎటు తిరిగినా కోడికూర వాసన. మాకింకా పదిహేను రోజులుంది! మా అబ్బాయి కిటికీలన్నీ మూసేసి లోపల కూర్చున్నాడు. మావుసి ఆ రోజు మా ఇంటికి రాలేదు, తరవాత చెప్పింది, మమ్మల్ని చూస్తే ముద్ద దిగదని.

సంఘం ఆడవాళ్లు చోడిపిండి, సామలు ఇంటికే తెచ్చిచ్చారు. వంద గ్రాముల చోళ్లలో కాల్షియం మూడు వందల మిల్లీగ్రాముల పైనే ఉంటుందని నాకు వాళ్లే చెప్పారు. అంబలి అయితే నాకు, అబ్బాయికి. పల్చగా జావలా తాగితే షుగరు తొందరగా ఎక్కుతుందని సిస్టరమ్మ అంటే, ఆయనకి ఉలవచారుతో చిన్న ముద్ద పెడుతున్నాను. ఉప్పు లెక్క కూడా ఆవిడదే. మనిషికి రోజుకి 5 గ్రాములు దాటొద్దట. నలుగురం, నెలకి 600 గ్రాములు. మాకు కిలో ప్యాకెట్టు నెల తిరక్కుండానే అయిపోయేది, ఆవకాయ, అప్పడాలు కాకుండా. ఇప్పుడు ఇంకా డబ్బా అడుగున ఉంది. రాత్రి పదింటికి టీవీ ముందు తినే అన్నం ఏడున్నరకి వచ్చింది. నా గుండెల్లో మంట ఎప్పుడు పోయిందో కూడా తెలీదు. ఒకరోజు గుర్తొచ్చి చూసుకుంటే లేదు. ఆయన పొద్దుటి షుగరు కూడా దిగింది. మూడు నెలల సగటు జనవరిలో చూస్తాం, అప్పటిదాకా గొప్పలు చెప్పను.

మరదలా, నువ్వు తెచ్చిన ఉసిరికాయలు పచ్చడి పెట్టాను, ఒక సీసా నీదే. కొట్టు బాబాయి, సంఘం అక్కలు, ఆరో డబ్బా ఇచ్చిన పేరు తెలీని అమ్మ, అందరికీ దండాలు. సిస్టరమ్మా, ఆ రాత్రి మీరు తడిసిన తువ్వాలు మా ఇంట్లోనే ఉంది, ఉతికి మడతపెట్టాను.

ఇంకా ఎవరి గిన్నెలు మా ఇంట్లో ఉండిపోయాయో చెబుతున్నాను. చిల్లుల గరిటె ఒకటి, మూతలేని స్టీలు కారియర్ ఒకటి, నీలం అంచు పళ్లెం ఒకటి. గుర్తుపట్టి రండి. మావుసి ఇత్తడి గిన్నె మాత్రం ఇప్పుడే ఇవ్వను. ఉత్త గిన్నె పంపకూడదు కదా. ఆదివారం కందిపప్పు నేనే చెరిగి, పసుపు వేసి, ఉల్లిపాయ వేసి మన పప్పు వండి పంపిస్తాను. ఒక్క గింజ నేల మీద పడినా ఆవిడకి మాత్రం చెప్పకండి.