పెద్దలకే పరిమితమైన ఓడలో మాకు దొరికిన సెలవు

సంపాదకులకు నమస్కారం.

సముద్ర విహారాల గురించి మన పత్రికల్లో వచ్చే వ్యాసాలు సాధారణంగా రెండు రకాలుగా ఉంటున్నాయి. కొన్ని ఓడకు ఎన్ని అంతస్తులు, ఎన్ని ఈతకొలనులు, ఎన్ని భోజనశాలలు అని లెక్క చెప్పి ముగుస్తాయి. మరికొన్ని, ముఖ్యంగా పద్దెనిమిదేళ్ళు నిండనివారిని ఎక్కించుకోని ఓడల గురించి రాసినవి, అక్కడ తాగడమూ తూలడమూ తప్ప మరేమీ ఉండదన్నట్టు సాగుతాయి. మా అమ్మాయి పుణ్యమా అని ఇటీవల అమెరికాలోని ఫ్లోరిడాలో ఉన్న మయామీ రేవు నుంచి బయలుదేరే అటువంటి ఓడలో, అందులోనూ విశాలమైన గదుల వాటా అయిన ఖరీదైన సూట్‌లో, కొద్దిరోజుల ప్రయాణం చేసి వచ్చినవాణ్ణి కనుక నాకు తోచిన రెండు మాటలు రాస్తున్నాను. మావంటి అరవై దాటిన దంపతులకు ఆ ఓడలో దొరికింది సెలవు. ఆ సెలవుకు సూట్‌తో పెద్దగా పనిలేదు.

సెలవు దేని నుంచి అని అడిగేవారు మా బరంపురంలో ఎవరూ ఉండరనుకుంటాను. పిల్లలు అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు మా వీధిలోనే చాలా ఉన్నాయి. తల్లిదండ్రులు ఆ దేశం చూడటానికి వెళ్తున్నామని చెప్పి వెళ్తారు గాని, వెళ్ళేది పురుళ్ళకూ, పుట్టిన పిల్లల్ని సాకడానికీ అన్నది అందరికీ తెలిసిన విషయమే. అల్లుడూ కూతురూ ఉద్యోగాలకు వెళ్ళేలోగా పెద్దవాడికి డబ్బా సర్ది, బస్సు వచ్చేచోటికి తీసుకువెళ్ళి, తిరిగివచ్చి చిన్నదానికి నీళ్ళు పోసి, అది నిద్రపోయిన సమయంలో వంట ముగించి, మళ్ళీ బస్సుకు ఎదురువెళ్ళడం మా ఆవిడకు అక్కడ దినచర్య. ఆమె దీనిని ఏనాడూ భారమనలేదు, ఇప్పుడు నేను ఇలా రాస్తున్నానని తెలిసినా ఒప్పుకోదు. అయినా మనవల మీద ప్రేమ వేరు, నడుము నొప్పి వేరు. అది గమనించినది మా అమ్మాయే. ఎక్కడికైనా పంపితే అక్కడా పిల్లల్నే చూస్తూ కూర్చుంటుందని తలచి, పిల్లలే ఉండని ఓడను వెతికి మరీ టికెట్లు కొన్నది. ఈ సంగతి ఫోనులో చెప్పినప్పుడు బరంపురంలోని మా బంధువులు నవ్విన నవ్వు ఎటువంటిదో పాఠకులు ఊహించుకోగలరు.

నిజానికి ఇటువంటి ఓడలు మూలమూలల ఎక్కడో దాగినవి కావు. వర్జిన్ వాయేజెస్ ఓడల్లోనూ, వైకింగ్ ఓడల్లోనూ 18 ఏళ్ళు నిండనివారికి ప్రవేశం లేదు. బ్రిటన్‌కు చెందిన పీ అండ్ ఓ తన ఓడల్లో ఆర్కేడియా, అరోరా అనే రెండింటిని పెద్దలకే కేటాయించింది. వీటిలో కొన్ని హడావిడి కోరేవారికి, కొన్ని పుస్తకం పట్టుకుని కూర్చునేవారికి. మేమెక్కినది ఏ సంస్థ ఓడో చెప్పడం ఈ ఉత్తరానికి అవసరం లేదు.

ముందు సూట్ సంగతి చెప్పి ఆ మోజు తీర్చేస్తాను. రేవులో మాకు వేరే ద్వారం, వేరే కుర్చీలు, పెట్టెలు మోసేందుకు వేరే మనిషి. చేతికి కట్టిన పట్టీని గది తలుపుకు తాకించగానే తాళం తెరుచుకుంది, లోపల కిటికీ తెరలు వాటంతటవే పక్కకు జరిగాయి. ఎవరో ఉన్న గదిలోకి వచ్చామనుకుని మా ఆవిడ గుమ్మంలోనే ఆగిపోయి, క్షమించమని హిందీలో అన్నది. లోపల మా ఇంటి హాలుకన్నా పెద్ద గది, సముద్రంవైపు బాల్కనీ, బాల్కనీలో వలతో అల్లిన ఊయల, గోడ వారన సీసాలు నిండిన అర. మేము తాకనివాళ్ళం కనుక ఆ సీసాలు ఎక్కినప్పుడు ఎలా ఉన్నాయో దిగేటప్పుడూ అలాగే ఉన్నాయి. స్నానాల గదిలో మాత్రం గోడకు పట్టుకునే కడ్డీ లేదు. పాలరాయి మీద నీళ్ళు పడితే అరవై ఏళ్ళ కాలు జారుతుందన్న ఆలోచన ఆ గదిని తీర్చిదిద్దినవారికి వచ్చినట్టు లేదు.

ఇంకొక సంగతి టికెట్ కొనేవారికి ఎవరూ చెప్పరు. ఓడ ఊగేది పైన, చివరల్లో ఎక్కువ; నడిమధ్యన, నీటిమట్టానికి దగ్గరగా ఉన్న అంతస్తుల్లో తక్కువ. ఎక్కువ డబ్బు తీసుకుని ఇచ్చే సూట్లు చాలా ఓడల్లో పై అంతస్తుల్లోనే ఉంటాయి. ఫ్లోరిడాకూ బహామాస్‌కూ మధ్య గల్ఫ్ స్ట్రీమ్ అనే వేడినీటి ప్రవాహం ఉత్తరదిశగా సాగుతుంది. గాలి ఉత్తరం నుంచి వీచినప్పుడు ఆ ప్రవాహానికి ఎదురై అలలు నిలువుగా లేస్తాయి. మొదటి రాత్రి అటువంటి గాలే వీచింది. ఓడకు ఇరువైపులా నీటిలోకి చాచే రెక్కల వంటి స్టెబిలైజర్లు ఉంటాయనీ, అవి ఊపును చాలావరకు తగ్గిస్తాయనీ సిబ్బంది చెప్పారు గాని, మా ఆవిడ తెల్లవారేదాకా మంచం అంచు పట్టుకునే పడుకుంది. మరునాడు మధ్య అంతస్తులో బాల్కనీ ఉన్న మామూలు గదిలో దిగిన ఒక గుజరాతీ దంపతులను పలకరిస్తే, రాత్రి ఓడ ఊగిన సంగతే వారికి తెలియదన్నారు. వారి గదికి అయినదానికి మా గదికి రెండు మూడు రెట్లకు పైనే అయింది.

సూట్‌తో సంబంధం లేకుండా అందరికీ సమానంగా దొరికినది ఉదయం. పిల్లలు లేని ఓడలో ఉదయం ఎలా ఉంటుందో పిల్లలున్న ఇంట్లో బతికేవారికి చెబితే గాని తెలియదు. లిఫ్టులో ఎవరూ అన్ని మీటలూ ఒకేసారి నొక్కి పారిపోలేదు. ఈతకొలను ఒడ్డున కూర్చుంటే నీళ్ళు మీద పడలేదు. భోజనశాలలో మా ఆవిడ కంచం ముందు కూర్చుని, వేడివేడిగా ఉన్నప్పుడే, మధ్యలో ఒక్కసారి కూడా లేవకుండా తిన్నది. ఇది చిన్న విషయమని మగవారికి అనిపించవచ్చు. నాకూ ఇంట్లో ఎన్నడూ కంటబడలేదు, అక్కడ ఎదురుగా కూర్చున్నాను కనుక చూశాను. మేము గుడ్డు కూడా తినమని మొదటి పూట చెప్పినప్పుడు వడ్డించే అమ్మాయి కొంచెం తికమకపడినా, రెండో రోజుకు వంటశాలలో పనిచేసే మంగళూరు కుర్రాడొకడు అన్నమూ, పప్పూ, పెరుగూ పంపాడు. పప్పులో ఇంగువ లేదు గాని తాలింపు మాత్రం ఆవాలతోనే వేశాడు.

నిష్పక్షపాతంగా రెండో వైపూ చెప్పాలి. పెద్దలే ఉన్న ఓడ నిశ్శబ్దంగా ఉంటుందనుకుంటే పొరపాటు. అర్ధరాత్రి దాటేదాకా పై డెక్కు మీద సంగీతం మోగుతూనే ఉంది. తాగి గట్టిగా మాట్లాడేవారూ ఉన్నారు. కాని వారు అల్లరి చేసింది ఒకచోట, మేము కూర్చున్నది మరొకచోట. ఓడ పొడవు ఆ మేరకు మమ్మల్ని కాపాడింది. ప్రయాణికుల్లో కుర్రకారు నేను అనుకున్నంతమంది లేరు. ఉద్యోగ విరమణ చేసినవారు, పెళ్ళయి ముప్ఫై ఏళ్ళయిన జంటలు, భర్తలను ఇళ్ళ దగ్గర వదిలి నలుగురైదుగురు కలిసి వచ్చిన స్నేహితురాళ్ళు ఎక్కువగా కనిపించారు. మన దేశంలో ఈ చివరి రకాన్ని చూడటానికి ఇంకా కొంతకాలం పడుతుందేమో.

ఓడ బహామాస్‌లోని బిమినీ దీవి దగ్గర ఆగింది. అది ఫ్లోరిడా తీరానికి ఇంచుమించు 80 కిలోమీటర్ల దూరం మాత్రమే. అంత దగ్గరగా ఉన్న చిన్న దీవికి అంత పెద్ద ఓడ ఎందుకు వెళ్తుందని నాకు మొదట ఆశ్చర్యం కలిగింది. అమెరికాలో 1886 నాటి చట్టమొకటి విదేశీ జెండా ఉన్న ఓడలు ప్రయాణికులను ఆ దేశపు ఒక రేవు నుంచి మరొక రేవుకు చేరవేయకూడదని నిషేధిస్తోంది. ఎక్కిన రేవులోనే తిరిగి దించే విహారాలు కూడా దారిలో ఏదైనా విదేశీ రేవును తాకవలసి ఉంటుంది. ఈ ఓడలు చాలావరకు బహామాస్, పనామా, మాల్టా వంటి దేశాల్లో నమోదైనవి కనుక పరాయి రేవు తప్పనిసరి. దీవిలో ఇసుక తెల్లగా, నీళ్ళు లేతనీలంగా ఉన్నాయి. అంతకుమించి రాయదగినది మాకు కనబడలేదు. పరాయి రేవును తాకి మళ్ళీ అమెరికాలో అడుగుపెట్టాలి కనుక, మన పెద్దలు ఇటువంటి ప్రయాణానికి వెళ్ళేటప్పుడు అమెరికా వీసా ఒక్కసారి ప్రవేశానికేనా, పలుమార్లు ప్రవేశానికా అన్నది చూసుకోవాలి, ఓడలో వైద్యానికి కూడా వర్తించే బీమా తీసుకోవాలి. బీమా లేకుండా ఓడ డాక్టరు గది గడప తొక్కడం మంచిది కాదు.

బాల్కనీలో కూర్చున్నప్పుడు మా తాతగారు గుర్తుకు రాకపోలేదు. ఆ రోజుల్లో గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి బర్మాకు పనుల కోసం వెళ్ళిన తెలుగువారిలో అనేకులు గోపాలపూర్, కళింగపట్నం, భీమునిపట్నం రేవుల్లో బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ స్టీమర్లు ఎక్కినవారే. గోపాలపూర్‌లో స్టీమరు ఒడ్డుకు రాదు. మసూలా పడవల్లో కెరటాలు దాటి వెళ్ళి, నడిసముద్రంలో తాడు పట్టుకుని ఎక్కాలి. మా తాతగారు రంగం, అంటే రంగూన్, వెళ్ళినది డెక్కు మీద చాప పరుచుకుని, అటుకుల మూట తలకింద పెట్టుకుని. మా కుటుంబంలో ఆయన తరువాత ఓడ ఎక్కినది మేమే. ఆయన కాలంలో మా ఇళ్ళలో ఓడ ఎక్కడమంటే అప్పు తీర్చడానికి ఊరు వదలడమే కనుక, ఊరికే కూర్చోవడానికి ఓడ ఎక్కుతారంటే ఆయన నమ్మేవారు కారు.

ఇక మన తీరం మాట. 2022 జూన్‌లో కార్డీలియా సంస్థవారి ఎంప్రెస్ ఓడ విశాఖపట్నం నుంచి విహారయాత్రలు మొదలుపెట్టింది. 2023 సెప్టెంబరులో విశాఖలో అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్‌ను ప్రారంభించారు. బరంపురం నుంచి విశాఖకు రైలులో ఒక పూట ప్రయాణం కనుక ఈ సౌకర్యం పర్లాకిమిడి, రాయగడ, జయపురం తెలుగువారికీ అందుబాటులో ఉన్నట్టే. గోపాలపూర్‌కే విహార నౌకలు రావాలని మా ఊళ్ళో కొందరు అంటుంటారు గాని నేను ఆ మాట అనలేను. పక్కనే రుషికుల్య నది ముఖద్వారంలో ఆలివ్ రిడ్లే తాబేళ్ళు వేల సంఖ్యలో గుడ్లు పెట్టడానికి వస్తాయి. వాటికోసం నవంబరు నుంచి మే నెలాఖరు దాకా మన జాలరులను ఆ నీళ్ళలో వేటకు వెళ్ళవద్దని ఆపుతున్నప్పుడు, విహారానికి వెళ్ళేవారి ఓడను అక్కడికి రానిమ్మని అడగడానికి నోరు రాదు. ఫ్లోరిడాలోని కీ వెస్ట్ ఊరివారు 2020లో పెద్ద ఓడలను పరిమితం చేయాలని ఓటు వేశారు, మరుసటి ఏడాది రాష్ట్ర ప్రభుత్వం ఆ తీర్పును చెల్లకుండా చేసింది. అటువంటి తగాదా మన ఊరికి అక్కర్లేదు, విశాఖ చాలు.

విశాఖ నుంచి ఓడలు నడిపేవారికీ, నడపబోయేవారికీ మీ పత్రిక ద్వారా నా మనవి ఇది. బడులు నడిచే నెలల్లో ఒకటి రెండు ప్రయాణాలనైనా పద్దెనిమిదేళ్ళు నిండినవారికే కేటాయించి చూడండి. అది సాధ్యం కాకపోతే ఒక డెక్కునైనా మధ్యాహ్నం వరకు పెద్దలకు విడిచిపెట్టండి. సంగీతం ఒకవైపే ఉంచండి. శాకాహారం అడిగినవారికి రెండో రోజు దాకా ఆగనివ్వకుండా మొదటి పూటే పప్పన్నం పెట్టండి. స్నానాల గదుల్లో గోడకు కడ్డీ బిగించండి. అన్నిటికన్నా ముఖ్యంగా, ఒంటరిగా వచ్చేవారి దగ్గర ఇద్దరి ఛార్జీ వసూలు చేసే పద్ధతిని మానండి. ఓడ గదుల ధరలన్నీ ఇద్దరు ఉంటారన్న లెక్కతో కట్టినవి కనుక, భర్త పోయిన స్త్రీ ఒక్కతే వెళ్ళాలంటే లేని మనిషికీ డబ్బు కట్టవలసి వస్తోంది. మా వదినగారు ఈ కారణం చేతనే రెండుసార్లు టికెట్ కొనబోయి మానుకున్నారు. సూట్లు ఎన్నయినా కట్టుకోండి. మావంటివారికి మధ్య అంతస్తులో ఒక చిన్న గదీ, ఆమెవంటివారికి ఒక్క మనిషి టికెట్టూ ఇస్తే ఈ శీతకాలానికే బరంపురం నుంచి పది మందిని నేనే వెంటపెట్టుకు వస్తాను.

ఇట్లు,
విశ్రాంత బ్యాంకు ఉద్యోగి,
బరంపురం, గంజాం జిల్లా, ఒడిశా