మీ వేడుకల ఫొటోల నిల్వలో జరిగిన పొరపాటు: తిరిగి దొరికినవి, దొరకనివి

మా స్టూడియోలో పెళ్లిళ్లు, గృహప్రవేశాలు, ఓణీల వేడుకలు తీయించుకున్న కుటుంబాలవారందరికీ నమస్కారం.

గత నెలలో మీ ఫొటోలు, వీడియోలు ఉన్న నాలుగు హార్డ్ డిస్కులను కొత్త సర్వరులోకి మార్చి, వాటి పక్కనే నాలుగు కొత్త డిస్కులు బిగించాను. కొత్త వాటితో స్టోరేజీ పూల్ (డిస్కులన్నిటినీ కలిపి ఒకే నిల్వగా వాడే ఏర్పాటు) తయారుచేయబోయి, పొరపాటున పాత వాటిని ఎంచుకున్నాను. ఆ డిస్కుల్లో ఇదివరకే ఒక పూల్ ఉందని హెచ్చరిక వచ్చింది. కొత్త డిస్కులను అంతకుముందు పరీక్షించి ఉన్నందున ఇది దాని తాలూకు గుర్తే అనుకొని, సీరియల్ నంబర్లు సరిచూడకుండా ముందుకు వెళ్లాను. తప్పు పూర్తిగా నాదే.

మేము వాడే జెడ్ఎఫ్ఎస్ అనే ఫైళ్ల నిల్వ పద్ధతిలో ప్రతి డిస్కుకు మొదట రెండు, చివర రెండు, ఒక్కొక్కటి 256 కిలోబైట్ల చొప్పున, పూల్ వివరాలు రాసి ఉంచే నాలుగు లేబుళ్లు ఉంటాయి. పూల్‌లో ఏది ఎక్కడుందో వెతకడం మొదలుపెట్టే ఊబర్‌బ్లాకులు వాటిలోనే ఉంటాయి. కొత్త పూల్ సరిగ్గా వాటి మీదే రాసింది కనుక, తొలగించిన పూల్‌ను తిరిగి తెచ్చే మామూలు ఆదేశం పనిచేయలేదు. అయితే నిమిషాల్లోనే సర్వరు ఆపేయడం వల్ల మీ ఫైళ్లున్న భాగం మీద పెద్దగా ఏమీ రాయబడలేదు. అవి ఎస్ఎస్‌డీలు (చిప్పుల్లో సమాచారం దాచే డిస్కులు) అయివుంటే, పాత సమాచారం తుడిచిపెట్టుకుపోయే ప్రమాదం ఉండేది. అప్పుడు ఈ లేఖ వేరే విధంగా రాయవలసి వచ్చేదేమో.

డేటా రికవరీ నిపుణులు ముందుగా నాలుగు డిస్కులకూ సెక్టారు సెక్టారుగా నకళ్లు తీసి, అసలు డిస్కులను పక్కన పెట్టి, ఆ నకళ్లలోనే మిగిలిన మెటాడేటాను (ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే సమాచారాన్ని) వెతికి ఫోల్డర్లను తిరిగి నిర్మించారు. సమాచారంలోని ప్రతి బ్లాకుకూ (ముక్కకూ) అది మారిందో లేదో సరిచూసే చెక్‌సమ్ అనే సంఖ్య ఉండటం వల్ల, తిరిగి వచ్చిన ఫైలు చెక్కుచెదరలేదని నమ్మకంగా చెప్పగలుగుతున్నాను. 61 కుటుంబాల వేడుకల్లో 52 పూర్తిగా వచ్చాయి. మరో ఆరింటికి ఫొటోలన్నీ వచ్చాయి గానీ వీడియోలు అక్కడక్కడ తెగిపోయాయి. మిగిలిన మూడు పెళ్లిళ్లలో, ఆల్బమ్ డిజైనరు దగ్గర ఉండిపోయిన ఎంపిక చేసిన ఫొటోలు తప్ప మరేమీ దొరకలేదు. ఆ మూడు ఇళ్లకూ నేనే స్వయంగా వెళ్లి విషయం చెప్పి, తీసుకున్న సొమ్మంతా తిరిగి ఇచ్చాను. తలంబ్రాల వీడియో లేదని ఒక తల్లికి చెప్పిన రోజును నేను మరచిపోలేను.

ఫొటోలు భద్రమేనా అని మీలో చాలామంది అడిగినప్పుడు, ఒక డిస్కు పాడైనా భయం లేదని చెబుతూ వచ్చాను. అది అబద్ధం కాదు, కానీ మీరు అడిగినదానికి జవాబూ కాదు. డిస్కు చెడిపోతే కాపాడే ఏర్పాటు, మనిషి తప్పు ఆదేశం ఇస్తే కాపాడదు. మేము రోజూ తీసిన స్నాప్‌షాట్లు (ఆ రోజు ఫైళ్లు ఉన్న స్థితిని భద్రపరిచేవి) కూడా అదే పూల్‌లో ఉండి దానితోపాటే పోయాయి. వేరే చోట మరో నకలు ఉంచవలసింది, ఉంచలేదు.

ఇప్పుడు ప్రతి వేడుకకూ రెండో నకలును సర్వరుతో సంబంధం లేని డిస్కులో, స్టూడియో బయట ఉంచుతున్నాము. ఆ నకలు తెరిచి చూసేదాకా కెమెరా కార్డులను ఫార్మాట్ చేయడం లేదు.

వీడియోలు తెగిన ఆరు కుటుంబాలవారు, మేము గతంలో ఇచ్చిన పెన్‌డ్రైవ్‌గానీ బంధువుల ఫోన్లలో తీసినవిగానీ ఉంటే దయచేసి తీసుకురండి. మిగిలిన భాగాలతో కలిపి ఎడిటింగ్ మళ్లీ చేసి, రుసుము లేకుండా అందజేస్తాము.