మా గల్లీల నల్లా మోటర్ల లొల్లి

అరేయ్ కప్పల కాంట్రాక్టరూ,

ఎట్లున్నవ్ రా? ఉగాదికి నువ్వు అంత పొడుగు మెసేజ్ పెడితే నేను ఒక్క దండం బొమ్మ పెట్టి ఊకున్ననని నీకు కోపం ఉంటది, ఉండాలె గూడ. ఏమనుకోకు రా. ఎండలు, పెండ్లిళ్ళు, షాపుల గిరాకీ, ఇగ అన్నీ ఒక్కసారే మీద వడ్డయి. ఇంట్ల అందరం మంచిగనే ఉన్నం. అమ్మ మోకాళ్ళు అట్లనే ఉన్నయి. చిన్నోడు టెన్త్ పాసైండు, మార్కులు మాత్రం అడగకు. మొన్న 2025 మే 14 నాడు మిస్ వరల్డ్ పిల్లలు మన ఓరుగల్లుల వేయి స్తంభాల గుడికి, ఖిలాకు వచ్చిన్రు, నువ్వు టీవీల చూసే ఉంటవ్, నాకైతే ట్రాఫిక్ తప్ప ఏం కనవడలే. భద్రకాళి చెరువు పూడిక తీస్తందుకని 2024 నవంబర్ల నీళ్ళు ఇడిసిపెట్టిన్రు గదా, కట్ట మీదికెళ్ళి పోయినప్పుడల్ల ఆ బురదల నీ ఎడమకాలి చెప్పు కనవడ్తదేమో అని చూస్తున్న. దొరికితే కొరియర్ జేస్త, పైసలు నువ్వే కట్టాలె.

సరే ఇగ అసలు ముచ్చటకు వస్త. ఏప్రిల్ సంది ఈ ముచ్చట కడుపుల పెట్టుకోని తిరుగుతున్న రా, ఎవ్వరికి చెప్పవోయినా సగంల ఆపి "ఆ తెలుసు తెలుసు" అంటున్నరు, గల్లీ అంతా చూసిందే గదా. తెల్వనోనివి నువ్వొక్కనివే మిగిలినవ్.

నీకు యాదుందా, 2024 మార్చిల ఫోన్ జేసి ఒకటే మొత్తుకున్నవ్, బెంగళూరుల తాగే నీళ్ళతోని కారు కడిగితే 5000 ఫైన్ అంట, మళ్ళ దొరికితే రోజుకు ఇంకో 500 అంట, చెట్లకు పొయ్యొద్దంట, ఫౌంటెన్లు బంద్ అంట అని. నేను పడి పడి నవ్విన. నీ కారు నువ్వు ఎప్పుడు కడిగినవ్ రా? రూల్ రాకముందు గూడ దాని అసలు కలర్ ఏందో మా చెల్లెకు తెల్వదు. నీ ఒక్కనికే ఆ రూల్‌తోని ఏ కష్టం లేకుండె. సరే, గప్పుడు నవ్విన గని ఈ ఏప్రిల్ల రూలు మా గల్లీకే నడుసుకుంట వచ్చింది. కార్ల మీద గాదు, మోటర్ల మీద.

మా గల్లీ నీకు తెలుసు గదా. ట్యాంక్ దిక్కుకెళ్ళి మొదలైతే మధ్యల మేము, ఆఖరుకు మూలమీది పెద్దమ్మ. పైపు గూడ గట్లనే పోతది. దినం ఇడిసి దినం తెల్లారుజామున నల్లా వస్తది. ఎవరో మొదటింటోళ్ళు నల్లాకే డైరెక్ట్ మోటర్ బిగిచ్చిన్రు. వాళ్ళు గుంజుతుంటే పక్కింటికి సన్నగైంది, వాళ్ళు బిగిచ్చిన్రు, ఇగ వరుస. హాఫ్ హెచ్‌పీ పెడితే పక్కోడు ఒక హెచ్‌పీ, వాళ్ళను చూసి ఇంకోడు ఇంకా పెద్దది. మా నాయిన సంగతి నీకెర్కే, "పక్కోని నోట్లకెళ్ళి గుంజిన నీళ్ళు నాకొద్దు" అని ఇంట్ల మోటర్ మాట ఎత్తనియ్యలే, దానితోని మీ వదిన నాలుగింటికే లేసి సన్నటి దారకు బిందె పెట్టి నన్నూ మా నాయిననూ కలిపి తిట్టుకుంట కూసునేది. ఇగ పెద్దమ్మకైతే నల్లా నుంచి గాలి సప్పుడే. పొద్దుగాల బిందె పట్టుకోని బోరింగు కాడికి, వేసవిల బోరింగు ఎండితే ఎవరింటికన్న. ఎవరింటికి పోయినా "పట్టుకో పెద్దమ్మా" అంటరు, ఆ అనే తీరు ఉంటది సూడు...

సరే. ఇప్పుడు కథల హీరో. మా గల్లీ వాట్సాప్ గ్రూపు నడిపే సారు ఒకాయన ఉన్నడు, రిటైరైండు, పొద్దున ఐదున్నరకు గుడ్ మార్నింగ్ పెట్టి వెంటనే నీళ్ళ మీద ఒక మెసేజ్ పెడ్తడు. 2018ల కేప్‌టౌన్ల మనిషికి రోజుకు 50 లీటర్లే అన్నరని ఒకనాడు, 2016ల లాతూర్‌కు రైల్ల నీళ్ళు పోయినయని ఒకనాడు, 2019ల చెన్నైకి జోలార్‌పేట నుంచి రైల్ల నీళ్ళు తెచ్చిన్రని ఇంకోనాడు. అన్నీ నిజమే రా, కాదనను. 2025 ఏప్రిల్ 15 నుంచి హైదరాబాద్ల నల్లా మోటర్లు గుంజుకపోయి 5000 ఫైన్ ఏస్తున్నరని వార్త వస్తే, దాన్ని గ్రూపుల పెట్టి కింద "చాలా మంచి నిర్ణయం, మన దగ్గర కూడా రావాలి" అని రాసి చప్పట్ల బొమ్మలు. ఎన్ని చప్పట్లనుకున్నవ్, స్క్రీన్ నిండ. ఇది గుర్తు పెట్టుకో.

గా తర్వాత మా దిక్కు గూడ కార్పొరేషనోళ్ళ మైక్ ఆటో వచ్చింది. నల్లాకు డైరెక్ట్ మోటర్ పెట్టొద్దు, పెడితే జప్తు. నల్లాకు తిప్పేది లేకుండ ఖాళీ పైపు ఉంటే బిగిచ్చుకోవాలె. తాగే నీళ్ళతోని బండ్లు కడగొద్దు, వాకిట్ల పైపు పెట్టి కొట్టొద్దు. ఆటో అట్ల పోయిందో లేదో మా వోళ్ళు "ఎప్పుడూ ఇట్లనే అంటరు" అని చాయ్ తాగిన్రు.

తెల్లారి నల్లా టైముకే వచ్చిన్రు రా వాళ్ళు! చీకట్ల, టార్చి లైట్లు పట్టుకోని, ఒక ట్రాలీ ఆటో ఏసుకోని. ఇగ సూడు గల్లీల ఉరుకుడు. ఒకామె మోటర్ మీద తట్ట బోర్లిచ్చి తట్ట మీద మనుమన్ని కూసోవెట్టింది, ఆ పోరడు మోటర్ ఎచ్చగున్నదని ఏడ్సుడు. డబ్బా ఇంటి కాకనైతే నువ్వు సూడాలె, మోటర్‌ను స్కూటీ మీద కాళ్ళ మధ్యల పెట్టుకోని, బనీను మీదనే, భీమారం దిక్కు ఉరికిండు, పైపు ముక్క దానికే ఏలాడుతున్నది, రోడ్డు పొడుగునా నీళ్ళు కారుకుంట పోయినయి. మన లెక్కల సారు ఉంటే "ఇంగ ఇంతే" అనేటోడు. నవ్వలేక సచ్చిన. ఒకటో రెండో దొరికినయి గని మిగితాయన్నీ మాయం. వాళ్ళ ఎంబడి వచ్చిన చిన్న సారు, మన చిన్నోని కంటే నాలుగైదేండ్లు పెద్దుంటడేమో, ఏం అనలే, నవ్వుకుంట పోయిండు. ఆ నవ్వు చూసినప్పుడే నాకు అనుమానం వచ్చింది.

మళ్ళ నల్లా నాడు ఏం జేసిన్రో తెలుసా? నల్లా ఇడిసే టైముకు కరెంట్ తీసేసిన్రు!

అంతే రా. గల్లీ అంతా ఒక్కసారి చప్పున సల్లారింది. కూలర్లు బంద్, ఫ్యాన్లు బంద్, ఫ్రిజ్జుల గుర్రు గూడ లేదు. జనం చెమటలు తుడ్సుకుంట వాకిట్లకు వచ్చిన్రు. ఆ నిశ్శబ్దంల, ఎక్కన్నో ఒక్క ఇంట్ల, సన్నగ, గుర్ర్ర్... అని. మధ్య మధ్యల కీ కీ కీ అని. అందరం ఆ సప్పుడు ఎంబడి పోయినం. పోతే, గ్రూపు సారు ఇల్లు! ఇంట్ల పెద్ద ఇన్వర్టర్, దానికి మోటర్ కలిపిండు, లోడు ఆగలేక ఇన్వర్టర్ మొత్తుకుంటున్నది. చిన్న సారు గేటు కొడితే ఈయన బయటికి వచ్చి, ముఖం ఎట్ల పెట్టిండంటే, "అది నల్లా మోటర్ కాదు బాబూ, అక్వేరియంది, చేపలకు గాలి కావాలె గదా" అన్నడు. చిన్న సారు టార్చి లోపలికి కొట్టి, "ఏం చేపలు సార్, తిమింగలాలా?" అన్నడు రా! ఇగ ఆగలే ఎవ్వరం. మా నాయిన గూడ నవ్విండు, మా నాయిన! ఆఖరుకు సారు ఇంటామె లోపల్నుంచి "ఇంట్ల చేపలు యాడున్నయండీ, పోయినేడే సచ్చిపాయె" అన్నది. పాపం.

ఇప్పుడు గల్లీల ఆయన పేరు తిమింగలం సార్. గ్రూపుల పొద్దున గుడ్ మార్నింగ్ వస్తున్నది గని నీళ్ళ మెసేజులు బంద్.

నవ్వినం గని చిన్న సారు అక్కన్నే నిలవడి చెప్పిన మాట నాకు మస్తు నచ్చింది రా, ఇన్నేండ్ల సంది ఎవ్వడూ గట్ల చెప్పలే. ఒక్క కొబ్బరి బోండంల పది మంది స్ట్రాలు పెట్టి గుంజితే గట్టిగ గుంజినోనికే నీళ్ళు, ఆఖరోనికి గాలి, అన్నడు. అది ఒకటి. రెండోది ఇంకా భయం. పైపుల నీళ్ళు తోసుకోని రావాలెనంట. మోటర్ పెట్టి గుంజితే లోపల ఒత్తిడి పడిపోయి, యాడన్న పైపు చిట్లి ఉన్న కాడ పక్కన మోరీల నీళ్ళు లోపలికి గుంజుకుంటదంట. అంటే తిమింగలం సార్ గుంజింది ఆయన ఒక్కని ఇంటికే పోలేదు, ఆ మోరీ అందరికి పంచిండు. ఆయన ఇంటామె "గందుకేనా మన నీళ్ళు అప్పుడప్పుడు వాసన" అని ఆయన మొఖం చూసింది, ఇగ ఆ ఇంట్ల ఆ దినం వంటైందో లేదో నాకు తెల్వదు. మోటరే వద్దంటలేరు, సంపుల నీళ్ళు వాటంతట అవి పడనిచ్చి, సంపుల నుంచి పైకి ఎంత పెద్ద మోటర్ పెట్టుకున్నా సరే అన్నడు.

ఆగు, పక్కన అనౌన్స్‌మెంట్ వస్తున్నది. కాజీపేట స్టేషన్ల కూసున్న, అక్కోళ్ళ కోసం. వాళ్ళది కాదు, ఇంకేదో రైలు. మంచిదే, ఇంకా అసలుది చెప్పలే.

మేమందరం తిమింగలం ఇంటి ముందట ఉన్నమా, అటు ఆఖరుకు ఒక్కసారి ఒర్రుడు వినవడ్డది. పెద్దమ్మ. ఏమైందో అని ఉరికితే, నల్లా రా! ఆమె నల్లా! పోస్తున్నది, ఇంత లావు దార, బిందె నిండి పొర్లుతున్నది, ఆమె తిప్పేది బంద్ జెయ్యొస్తలేదు, అది తుప్పు పట్టి తిరుగుతలేదు. తిప్పే పనే పడలే గదా ఎన్నడూ. నేను ఇంటికి ఉరికి పానా తెచ్చి తిప్పిన. గోలెం నిండింది, బకీట్లు నిండినయి, చెంబులు గూడ నింపింది, నూనె డబ్బా నింపింది. నేను ఆమె ఖుష్ అయితదనుకున్న. ఆమె ఏం జేసిందో తెలుసా, తిట్టుడు షురూ జేసింది. ఇంటింటి పేరు పెట్టి, వరుసగ, ఎవ్వరినీ ఇడిసిపెట్టలే. "ఇన్నేండ్లు ఇవ్వి ఉండెనా? ఉండి గూడ నన్ను మోపిచ్చిన్రా?" అని. ఎవ్వరూ మాట్లాడలే. మీ వదిన ఏడ్సింది, ఎందుకేడ్సినవంటే చెప్పది.

ఇగ ఆ తర్వాత అయింది సూడు, నాకు ఇప్పటికీ ఎటూ తేలుతలేదు. తిట్టి తిట్టి అలిసి, ఆమె బకీట్ ఎత్తుకోని వాకిలంతా నీళ్ళు జల్లింది. వాకిలి ఆగలే, గల్లీ రోడ్డు మీద గూడ బకీట్ మీద బకీట్. చిన్న సారు వచ్చి "అవ్వా, తాగే నీళ్ళు గట్ల పారవోయొద్దు, రూల్ ఉన్నది" అన్నడు. ఆమె బకీట్ కింద పెట్టి "నాకు ఏండ్ల సంది రాని నీళ్ళ లెక్క అంతా తియ్యి బిడ్డా, తీసి, దాంట్ల ఈ నాలుగు బకీట్లు కొట్టెయ్" అన్నది.

ఆ పిలగాడు నోరు తెరిసి మూసుకున్నడు. పోయి ట్రాలీల కూసున్నడు.

నాకు తోస్తలేదు రా. రూల్ రూలే, తాగే నీళ్ళు రోడ్డు మీద పోస్తే ఎట్లా, మన నల్లాకొచ్చే ధర్మసాగర్ చెరువు నీళ్ళు అంటే గోదావరి కాన్నుంచి దేవాదుల ఎత్తిపోతల మోటర్లతోని ఎత్తి ఎత్తి తెచ్చినయి, ఉత్తగ రాలే. గట్లనే మిషన్ భగీరథ లెక్కల కార్పొరేషన్ ఉన్న ఊర్లల్ల మనిషికి రోజుకు 150 లీటర్లు అన్నరు, ఆమె వాటాకు వచ్చింది ఏంది మరి? గా నాలుగు బకీట్లు దుబారానా, బాకీనా? నువ్వైతే ఏమంటవ్? నువ్వు బెంగళూరుల ట్యాంకర్‌కు పైసలు పోసి తాగినోనివి, నీకు...

అగో ఇంకొకటి మరిసిన. తిమింగలం సార్ రోషానికి పోయి ఇంటి ముందట బోరు ఏపిస్త అన్నడు. మా నాయిన ఊకుంటడా, పబ్లిక్ బోరింగు కూతవేటుల ఉన్నది, వాల్టా అని నీళ్ళు, భూమి, చెట్ల చట్టం 2002 నుంచే ఉన్నది, తాగునీటి బోరింగుకు 250 మీటర్ల లోపల పర్మిషన్ లేకుండ బోరు ఎయ్యొద్దు అని గ్రూపులనే పెట్టిండు, ఎవరో కింద చప్పట్ల బొమ్మ పెట్టిన్రు. ఎవరు పెట్టిన్రో నేను చెప్ప.

ఇప్పుడైతే నల్లా మాకు మంచిగనే వస్తున్నది, మీ వదిన ఐదున్నరకు లేస్తున్నది. డబ్బా ఇంటి కాక మోటర్ మాత్రం ఇంకా భీమారంల ఎవరింట్లనో ఉన్నదంట, ఆయన తెచ్చుకోడు, వాళ్ళు ఇయ్యరు, దాని మీద వేరే లొల్లి, అది పొడుగు ముచ్చట, ఆ ఇంటోళ్ళు ఎవరో తెలిస్తే నువ్వు కుర్సీల నుంచి పడ్తవ్, మన కాలేజీల క్యాంటీన్ కాడ నిన్ను

అరే రైలు వచ్చింది, అక్క ఎస్7 అన్నది, నేను ఇటు ఆఖరుకున్న, ఉరకాలె, మిగితాది రాత్రి